ఎవరి చేతి పులుసు

ఆదివారం రాత్రి

పెన్ను మూత మళ్లీ పోయింది. ఈ ఇంట్లో దొంగ ఉన్నాడు, నేనే కావచ్చు.

చిన్న కోడలు గౌరి చీపురుపల్లి వైపు రైతుల పిల్ల. మేం సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్లం. "పొలాలోల్లకి సేపల పులుసేటి తెలుస్తాది? అది పుట్టుకతో రావాల" అని నా పెళ్లాం, మా ముసల్దాని పాట. విని విని ఆ పిల్ల పొయ్యి దగ్గరికే రావడం మానేసింది.

అందుకే ఈరోజు గౌరి చేత, నా కూతురు నూకాలు చేత వేర్వేరుగా పులుసు పెట్టించాను. ఎర్ర మూత గిన్నె నూకాలుది, నీలం మూతది గౌరిది.

ముసల్ది ఎర్ర మూత గిన్నెలోది తిని, "సూసినారా, ఇదీ మన రక్తం!" అంది. రెండోది తిని మూతి తిప్పింది. "ఇదేటే గౌరీ, పప్పుసారులో సేపలేసినట్టున్నాది!"

అందరూ నవ్వారు. నూకాలు పొంగిపోయింది. గౌరి మాత్రం రెండూ రుచి చూసి, నా వంక ఒక్క చూపు చూసి, "వదిన సెయ్యే సెయ్యి అత్తా" అంది. తన చేతి ఉప్పు తనకు తెలియదా? ఆడపడుచు పరువు కాపాడింది, పిచ్చితల్లి.

రేపు అందరి ముందూ చెప్పేస్తే నూకాలు చిన్నబోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల మళ్లీ గరిటె పట్టదు. ఏం చేయాలో...

మూతలు మార్చింది నేనే. సిగ్గుచేటు ఏమిటంటే, మార్చిన సంగతి తెలిసిన నాకు నీలం మూత గిన్నెలోదే, నా కూతురిదే, కమ్మగా అనిపించింది.