బెల్లం దుకాణం మీద ఎర్రగీతలు

గంజ్, జహీరాబాద్
జూలై 8

తెలుగు టీచర్ అలీమా మేడం గారికి,

బెల్లం దుకాణం రామ్‌కిషన్ నమస్కారాలు.

మీ తొమ్మిదో తరగతిలో చదివే స్నిగ్ధ నా కొడుకు కూతురు. ఆమె తండ్రి పటాన్‌చెరులో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. తల్లి నందిని తెల్లవారకముందే దవాఖానలో డ్యూటీకి వెళ్తుంది. అందుకని బడి కాగితాల మీద సంతకం నాదే. ఫోనులో నాకు మాటలు రావు. ఎదురుపడితే అసలే రావు. కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. స్నిగ్ధ చేతికే ఇస్తున్నాను గాని, కవరు అంటించాను.

సంగారెడ్డిలో జరిగే జిల్లా పోటీలో స్నిగ్ధ తన వ్యాసం చదవడానికి నా అంగీకారం కావాలని కాగితం పంపారు. సంతోషం. కానీ సరుకు చూడకుండా సంతకం చేయడం నాకు అలవాటు లేదు. వ్యాసం తెప్పించుకొని చదివాను. పేరు 'మా తాత దుకాణం'. బాగానే ఉంది అనుకునేలోపు కింద మీరు గీసిన గీతలు కనిపించాయి.

మా గంజ్ వ్యాపారుల పద్ధతి మీకు తెలియకపోవచ్చు. మేము రోజూ రాసే లెక్కల్లో ఒక సరుకు కింద ఎర్రగీత పడిందంటే అది చెడ్డ సరుకు, వాపసు పోవలసింది అని అర్థం. నేను బడికి వెళ్లి చదువుకున్నవాణ్ని కాను. రాయడం, చదవడం ఆ లెక్కల్లోనే నేర్చుకున్నాను. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకోవలసి వస్తే ఆ పూట నాకు అన్నం సహించదు.

'దుకాణంలో అడుగు పెట్టగానే చెరుకు పానకం కాగిన వాసన వస్తుంది.' ఎర్రగీత. 'తాత చొక్కా ఉతికి బీరువాలో పెట్టినా బెల్లం వాసన పోదు.' ఎర్రగీత. 'వానాకాలంలో గోనెసంచులు తడిసిన కుక్కలా వాసన వేస్తాయి.' దీని కింద రెండు ఎర్రగీతలు. కుక్క మాటకు నాకూ మనసు నొచ్చుకుంది. అయినా అబద్ధం మాత్రం కాదు.

స్నిగ్ధను అడిగాను. "గవి తప్పులు గావు తాతా, ముక్కుయి" అన్నది. ముక్కువి అంటే ఏమిటో నాకు తెలియలేదు. ఒకసారి అడిగినదాన్ని మళ్లీ అడగడం నా స్వభావం కాదు.

ఋజువు కోసం ఒక బెల్లం ముద్ద పంపుతున్నాను. వాసన చూసి, గీతలు చెరిపించగలరు.

ఇట్లు,
రామ్‌కిషన్

తా.క.: పచ్చగీతలు కూడా ఉన్నాయి. అవి ఏ రకం తప్పులు? 'మా పెరటి గోడ నిండా తాత అరచేతి మరకలు' అన్న మాట కింద పచ్చగీత ఉంది. ఆ మాట అనవసరం. దాన్ని తీసేయించండి.


జూలై 10

పెద్దలు రామ్‌కిషన్ గారికి నమస్కారం.

బడిలో తనిఖీ నడుస్తున్నందున క్లుప్తంగా రాస్తున్నాను. ఏమీ అనుకోకండి.

పిల్లల ఇళ్ల నుంచి మేము ఏ వస్తువూ తీసుకోకూడదు. బెల్లం వాపసు పంపుతున్నాను.

గీతల గురించి మీరు దిగులు పడవలసింది ఏమీ లేదు. తరగతి మొత్తంలో ఎక్కువ ఎర్రగీతలు మీ మనవరాలికే వచ్చాయి. మిగతా పిల్లలకు ఎంత చెప్పినా ఒక్క ఎర్రగీత రావడం కష్టంగా ఉంది. స్నిగ్ధను చూస్తే నాకు ఎంతో గర్వంగా ఉంది. దయచేసి సంతకం తొందరగా పంపండి.

ఇట్లు,
అలీమా

తా.క.: ముద్దకు ఒక మూల తగ్గింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక మా అమ్మ ఉమ్రావ్ బేగం టీలోకి విరిచింది. క్షమించాలి.


జూలై 11

మేడం గారికి,

నమస్కారం అనేది మర్యాద కాబట్టి నమస్కారం.

గంజ్‌లో సరుకును చూసి వద్దంటారు. పట్టించుకోము. వాసన చూసి వద్దంటారు. అదీ సరే. కానీ మూల విరిచి, నోట్లో వేసుకొని, ఆ తర్వాత వాపసు పంపడం అంటే ఈ సరుకు మనిషి నోటికి తగదని నలుగురిలో చెప్పడం. నా దుకాణానికి ఆ మాట ఇంతవరకు రాలేదు. స్నిగ్ధ సంచిలోంచి మూల విరిగిన ముద్ద దిగుతుంటే ఎదురు దుకాణం రాజేశ్వర్ చూడనే చూశాడు. "ఏం సేట్, బడి పిలగాండ్లు గూడ మాల్ వాపస్ చేస్తున్నరా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పను. అందుకే వాడు అడుగుతూ ఉంటాడు.

పైగా తప్పులు నా మనవరాలికే ఎక్కువ వచ్చాయని, దానికి మీకు గర్వంగా ఉందని రాశారు. ఇటువంటి గర్వం నేను ఎక్కడా చూడలేదు.

మీరు ఎన్నడూ మా దుకాణానికి రాలేదు. వచ్చి ఉంటే వాసన కింద గీత గీసేవారు కాదు. పొద్దున షట్టర్ ఎత్తగానే మనిషి కంటే ముందు వాసన బయటికి వస్తుంది. అది ఒక వాసన కాదు. అడుగున పులిసిన పాత బెల్లం, దాని మీద నిన్న దిగిన కొత్త ముద్దల్లోని పొగ, అన్నిటి మీదా తడి గోనె. తర్వాత కందిరీగలు. ఎవరో లోపల కూర్చొని కుట్టుమిషను తొక్కుతున్నట్టు మోత. నేల మీద చెప్పు ఆనితే వదలదు. లాగితే చప్పుమని నాలుక చప్పరించినట్టు శబ్దం. మంచి ముద్దను గోటితో గీస్తే పొడి రాలుతుంది. తడి ముద్ద అయితే గోరు లోపలికి దిగి అక్కడే కూర్చుంటుంది. కొత్త బెల్లం పలుకు నాలుక మీద పెడితే మొదట తగిలేది తీపి కాదు, ఉప్పు. తీపి ఆ తర్వాత, గొంతు దగ్గరికి పోయాక, మెల్లగా వస్తుంది. మాట తక్కువ మనిషిలాగా.

ఇది మా దుకాణం. దీని కింద ఎర్రగీతలు గీయించుకొని, ఆ కాగితం పట్టుకొని నా మనవరాలు సంగారెడ్డిలో నలుగురి ముందు నిలబడడానికి నేను ఒప్పుకోను. సంతకం చేయడం లేదు.

ఇట్లు,
రామ్‌కిషన్

తా.క.: మీ అమ్మగారు ఆ టీ తాగి ఏమన్నారో మీరు రాయలేదు. ఏమైనా అన్నారా?


జూలై 13

గౌరవనీయులు రామ్‌కిషన్ గారికి,

అలీమా రెండు చేతులూ జోడించి రాస్తున్నది. తప్పు నాదే. తనిఖీ వాళ్లు చూస్తుండగా రాసిన ఉత్తరం అలాగే ఉంటుంది.

అవి తప్పులకు గీసిన గీతలు కావు. మేము ఈ నెల ఒక పాఠం నేర్చుకుంటున్నాము. ఎవరైనా రాసినది చదివినప్పుడు ఏ మాట మన కంటికి తగిలింది, ఏది చెవికి, ఏది ముక్కుకు, నాలుకకు, చర్మానికి తగిలింది అని పిల్లలే వెతికి రంగు పెన్సిలుతో గీత గీయాలి; వాళ్లు రాసిన వ్యాసాల మీద నేను గీస్తాను. కంటికి పచ్చ, చెవికి నీలం, నాలుకకు పసుపు, చర్మానికి ఊదా. జలుబు చేస్తే ముక్కు ఎర్రబడుతుంది కాబట్టి ముక్కుకు ఎరుపు అని తరగతి అంతా కలిసి తేల్చింది. మీ గంజ్ పద్ధతి మాకు తెలిసి ఉంటే ముక్కుకు ఇంకో రంగు ఇచ్చేవాళ్లం.

పిల్లలు పూలతోట గురించి రాయమంటే 'పూలు అందంగా ఉన్నాయి' దగ్గర ఆగిపోతారు. అంతా కన్నే. ముక్కు దాకా ఎవరూ రారు. మీ మనవరాలు గోనెసంచిలో తడిసిన కుక్కను పట్టుకుంది! దానికి రెండు గీతలు గీయకుండా ఎట్లా ఉండను?

ఒక మనవి. పిల్లలకు చూపించడానికి మంచి నమూనా కోసం వారం నుంచి వెతుకుతున్నాను. మొన్న మీరు కోపంగా రాసిన ఉత్తరంలో దుకాణం గురించిన పేరా ఉంది. అయిదు రంగులూ అందులోనే ఉన్నాయి. మీరు సరేనంటే దాన్ని తరగతిలో పంచుతాను.

ఇక మా అమ్మ సంగతి. టీ తాగి గ్లాసు కింద పెట్టి, "ఇంకో ముక్క తే" అన్నది. వాపసు పంపానని చెప్పాను. "గంత మంచి బెల్లం వాపస్ ఇచ్చినవా? నీకు దిమాగ్ ఉన్నదా? పిల్లలకు ఏం చదువు చెప్తున్నవే?" అన్నది. అప్పటి నుంచి నాతో మాట లేదు.

ఇట్లు,
అలీమా

తా.క.: అరచేతి మరకల వాక్యం తీసేయమన్నారు, ఎందుకో చెప్పలేదు. అది బాగుంది. ఉంచాను. స్నిగ్ధ వ్యాసంలో ఏ రంగూ పడని వాక్యం ఒక్కటే ఉంది. చివరిది. పోటీలోపు దాన్ని మార్చుకొమ్మని చెప్పాను.


జూలై 14

అలీమా మేడం గారికి,

నమస్కారం. ఈసారి మనస్ఫూర్తిగా.

సంతకం చేసిన కాగితం దీనితోపాటు పంపుతున్నాను. పేరా వాడుకోండి. నా పేరు మాత్రం చెప్పకండి. మీ అమ్మగారికి పంపుతున్న ముద్ద కానుక కాదు, నా దగ్గర తీసుకున్న నమూనాలో మిగిలిన భాగం. నమూనా తీసుకోవద్దని ఏ తనిఖీ వారూ అనలేరు.

వ్యాసం మళ్లీ చదివాను. ఎర్రగీత వచ్చిన ప్రతిచోటా ముందు గుండె అదురుతున్నది, తర్వాత సంతోషమవుతున్నది. పాత అలవాటు.

కానీ ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. 'తాతకు నేనంటే చాలా ఇష్టం.' కింద ఏ గీతా లేదు. మా లెక్కల్లో ఏ గుర్తూ లేదంటే ఇంకా సరిచూడని సరుకు అని. మేడం, ఇది నిజమైన సరుకు. దీనికి వాసన ఎక్కడి నుంచి తేవాలి? బెల్లం అంటే ముద్ద పంపాను. దీన్ని కాగితంలో చుట్టి పంపలేను కదా?

ఇట్లు,
రామ్‌కిషన్

తా.క.: ఈ ఉత్తరాన్ని మా ఇంటామె లక్ష్మమ్మకు చదివి వినిపించాను. "నువ్వు ఎన్నడన్న నోరు తెరిచి ఆ మాట అంటే గదా, పోరికి చెవి రంగు పడేది" అన్నది. ఇకనుంచి ఉత్తరాలు చదివి వినిపించను.


జూలై 19

రామ్‌కిషన్ గారికి నమస్కారాలు.

మీ పేరా పిల్లలకు ఇచ్చాను. రంగులు గీసిన కాగితం ఒకటి పంపుతున్నాను. గుండె దిటవు చేసుకొని విప్పండి. ఎరుపు ఎక్కువ.

పీరియడ్ అయ్యేసరికి సగం మంది ఆకలి అన్నారు. ఉప్పు ముందా తీపి ముందా అని రెండు బెంచీలు కొట్టుకోబోయాయి. హెడ్‌మాస్టర్ జగన్‌మోహన్ గారు తలుపు దగ్గరకు వచ్చి గదిలో ఏం వండుతున్నారని అడిగారు. 'మాట తక్కువ మనిషిలాగా' అన్న మాటకు ఏ రంగు వేయాలో ఎవరికీ తేలలేదు. స్నిగ్ధ మాత్రం నవ్వుకుంటూ కూర్చుంది. మీ పేరు నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

చివరి వాక్యం కొట్టేసి కొత్తగా రాసుకుంది. నాకు కూడా చూపించడం లేదు. "సంగారెడ్డిలనే చదువుత టీచర్" అంటున్నది. పోటీ శనివారం పొద్దున. దుకాణం వదిలి రావడం మీకు వీలు కాదని తెలుసు. జరిగినదంతా రాస్తాను.

ఇట్లు,
అలీమా

తా.క.: మా అమ్మ మాట్లాడుతున్నది. బెల్లం అయిపోయేదాకా మాట్లాడుతుందనుకుంటున్నాను.


జూలై 23

అలీమా మేడం గారికి,

నమస్కారం. జరిగినది మీరు రాయనక్కరలేదు. నేను వచ్చాను.

దుకాణానికి తాళం వేసి బస్సెక్కాను. హాలులో వెనక వరుస దాటి, తలుపు పక్కన నిలబడ్డాను. మీరు చూడలేదు. స్నిగ్ధ కూడా చూడలేదనుకున్నాను.

ముందు చదివిన అమ్మాయి సముద్రం గురించి చదివింది. తర్వాత మన పిల్ల. పానకం వాసన అనగానే నా ముందు కూర్చున్న ఒక పెద్దమనిషి గాలి పీల్చి చుట్టూ చూశాడు. నా చొక్కా కూడా కొంత సాయం చేసి ఉంటుంది. కుక్క దగ్గర అందరూ నవ్వారు. అప్పుడు చివరి మాటలు వచ్చాయి. మీరు విన్నారు. అయినా రాస్తాను, రాసి చూసుకోవాలని ఉంది.

'అమ్మ డ్యూటీకి పోతుంది, నానమ్మ చేతులు వణుకుతాయి. అందుకని నాకు జడలు వేసేది తాత. తాత చేతులు ఎప్పుడూ జిగట. పొద్దున దుకాణం తెరిచి, నా బడి వేళకు ఇంటికి వచ్చి, బూడిదతో రుద్ది కడుక్కొని, పెరటి గోడకు అరచేతులు ఆనించి చూస్తాడు. చెయ్యి గోడకు అంటుకుంటే మళ్లీ కడుగుతాడు. అంటుకోకపోతేనే నా జుట్టు ముట్టుకుంటాడు.'

ఆ గోడ సంగతి ఎవరూ చూడలేదనుకున్నాను. మరకల వాక్యం తీసేయమన్నది అందుకే. బెల్లం అమ్మేవాడు జడలు వేస్తాడని గంజ్‌లో తెలిస్తే ఏమవుతుందో మీకు తెలియదు.

బయటికి వచ్చి నిలబడ్డాను. చప్పట్లు గోడ అవతలి నుంచి విన్నాను.

మొదటి బహుమతి సముద్రానికి వచ్చింది. ఆ అమ్మాయి ఇంతవరకు సముద్రం చూడలేదట. రెండోది మనది. నాకు ఏ బాధా లేదు. మనది కళ్లారా చూసిన సరుకు.

బస్టాండులో స్నిగ్ధ నన్ను పట్టుకుంది. "తలుపు కాడ వాసన రాంగనే తెలిసింది తాతా" అన్నది. బస్సు సదాశివపేట దాటాక నోరు తెరిచాను. "మంచిగ చదివినవ్ బిడ్డా. నాకు చానా గర్వంగ ఉన్నది" అన్నాను. ఆమె సంచిలోంచి చెవికి వాడే నీలం పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. జేబులో పెట్టుకున్నాను.

మీరు పంపిన రంగుల కాగితాన్ని అద్దం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాను. మా లెక్కల్లో చెడ్డ సరుకుకు ఇకనుంచి నల్లగీత. ఎరుపు ముక్కుకే.

ఇట్లు,
స్నిగ్ధ తాత, రామ్‌కిషన్

తా.క.: అద్దంలో అన్ని ఎర్రగీతలు చూసి గంజ్ అంతా పరామర్శకు వచ్చింది. రాజేశ్వర్ అయితే, "ఇంత మాల్ వాపస్ వచ్చిందా సేట్? ఫికర్ చెయ్యకు" అని టీ కూడా తెప్పించాడు. కూర్చోబెట్టి అయిదు రంగులూ చెప్పాను. నోరు జారి జడల మాట కూడా చెప్పేశాను. అంతా విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "గది సరే గని సేట్, ఆ జడ పాయలు ఊడకుండ ఎట్ల అల్లుతవ్? మా మనవరాలు నా చేత ఏపిచ్చుకుంట లేదు." రేపు పొద్దున మా పెరటికి రమ్మన్నాను. గోడ మీద ఇంకొకరి చేతులకు చోటు ఉన్నది.