పెద్ద ప్యానెల్ పంపకు

ప్రియమైన తమ్ముడు ఖాయిద్‌కు, మన ఊరు ఇబ్ నుంచి అక్క తఖియ సలాం చెప్పి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నాన్నా నేనూ క్షేమం. జిద్దాలో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. డ్రైవర్ ముర్షిద్‌తో నువ్వు పంపిన ఉత్తరం, సబ్బులు, అమ్మ శాలువా భద్రంగా చేరాయి. శాలువా రంగు చూసి అమ్మ, ఈ వయసులో నన్ను పెళ్ళికూతుర్ని చేస్తాడా వీడు అని తిట్టింది. ఆ తిట్టేదేదో శాలువా కప్పుకునే తిట్టింది. ఖిష్ర్ కాచుకోవడానికి కాఫీ పొట్టు పంపుతోంది. అల్లం నువ్వే కొనుక్కో, సోమరిపోతుతనం చేయకు.

ఫోను మధ్యలో తెగిపోతుందని నువ్వు ఉత్తరం రాశావు. నాకూ ఉత్తరమే నయం. ఫోను మోగితే చాలు, నాన్న పక్కన కూర్చుని స్పీకరు పెట్టమంటాడు. ఆయన ముందు కొన్ని మాటలు చెప్పలేను.

సోలార్ సామాను ఎలా ఎంచుకున్నారు, ఎవడి చేతిలోనూ మోసపోలేదు కదా అని అడిగావు. గమ్దాన్ కొట్లో కొన్నాం. ఒకప్పుడు పరుపులు అమ్మేవాడే, గుర్తున్నాడా? కరెంటు పోయాక వీధి వీధంతా ప్యానెళ్ళ కొట్లయింది, వాడూ పరుపులు లోపలికి నెట్టేసి ప్యానెళ్ళు ముందు పెట్టాడు. మమ్మల్ని చూడగానే గోడంత ప్యానెల్ చూపించి, దీంతో టీవీ, ఫ్యాను, ఐసుపెట్టె అన్నీ నడుస్తాయి మామా అని మొదలుపెట్టాడు. నేను ముందే అడిగి తెలుసుకుని వెళ్ళాను కాబట్టి బతికిపోయాం. మొదటిసారి కొనేవాళ్ళు ప్యానెల్ చూడకూడదట. ఇంట్లో ముందు ఏది వెలగాలి, ఎంతసేపు వెలగాలి, అది తేల్చుకుని, దానికి సరిపడా బ్యాటరీ చూసి, ఆ తర్వాతే ప్యానెల్ దగ్గరికి రావాలట.

ఏది వెలగాలని నాన్ననడిగాను. "నా చేతుల మీద ఒక్క బల్బు వెలిగితే చాలమ్మా. మిగతా ఇల్లు ఇన్నాళ్ళూ ఎలా ఉందో అలాగే ఉంటుంది" అన్నాడు. వంటింటికొకటి, మెట్ల మీదికొకటి నేనే కలిపాను. మొత్తం మూడు బల్బులు, ఫోను ఛార్జింగు. ప్యానెల్ నేనొక్కదాన్నే నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కించేటంత.

బ్యాటరీ మాత్రం నాన్నే ఎంచాడు. గమ్దాన్ తెచ్చి పెట్టినవి ఒక్కొక్కటే పుచ్చకాయలా ఎత్తి చూసి, తేలిగ్గా ఉన్నవాటిని పక్కకి నెట్టాడు. ఇందులో సగం గాలేనా అబ్బాయ్ అని వాడి పరువు తీశాడు. ప్యానెల్ అద్దం అరచేత్తో తడిమాడు, అంచులు వేలితో తట్టాడు, వైరు గోటితో గీకి చూశాడు. మేం మురిసిపోయాం. తెల్ల బల్బు కావాలా, పసుపుదా అని గమ్దాన్ రెండూ వెలిగించి చూపిస్తే, రెండూ ఒకటే, ఏదో ఒకటి ఇయ్యి అన్నాడు. పొదుపు మనిషి కదా అని నవ్వుకున్నాం.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నావు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడినప్పటి నుంచి మేం పడుకునేదాకా వస్తుంది. వానలు పట్టిన రోజుల్లో మెట్ల బల్బు ఆపుకోవాలి. పొద్దున్నే ప్యానెల్ మీద దుమ్ము తుడిచేది నాన్నే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. మధ్యాహ్నం దాని వేడి చేత్తో చూసి, ఇవాళ రాత్రికి ఢోకా లేదు అని కేకేసి చెబుతాడు.

నీ మూడో ప్రశ్న, నాన్న మళ్ళీ నడికట్లు కుడుతున్నాడా అని. నాన్న రాయమన్న జవాబు ఇది. వెలుతురు పట్టపగలులా ఉంది, పని నెమ్మదిగా సాగుతోంది, నువ్వు దిగులు పడకు.

పెద్ద ప్యానెల్ పంపడానికి సాయంత్రాలు ఇంకో హోటల్లో గిన్నెలు తోముతున్నానని రాశావు. ఆ పని మానెయ్ తమ్ముడూ. పెద్ద ప్యానెల్ పంపకు. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

బల్బు బిగించిన రోజు ముగ్గురం పెద్ద గదిలో ఉన్నాం. నాన్న తన చోట్లో కూర్చుని, జంబియా బాకు దోపుకునే నడికట్టు ఒళ్ళో పెట్టుకుని, జరీ దారం సిద్ధం చేసుకున్నాడు. బల్బు సరిగ్గా ఆయన తల మీదికి వచ్చేలా వేలాడదీశాం. అజాన్ అవుతూనే బిస్మిల్లా అని స్విచ్చి నొక్కాను. ఎన్నాళ్ళకో రాత్రిపూట గోడలు కనబడ్డాయి, ఇంత మసి పట్టాయా అనుకున్నాను. అప్పుడు నాన్న, "ఇంకా ఎంతసేపమ్మా, వెలిగించు" అన్నాడు.

ఆయన వేళాకోళాలు తెలిసిందే కదా, అమ్మ నవ్వింది. వెలిగింది కదా, అదిగో అంది. నాన్న తలెత్తాడు. "ఆఁ, వెలిగింది, వెలిగింది. బాగుంది" అన్నాడు. కానీ తల తిప్పింది కిటికీ పక్క మూలకి. యుద్ధానికి ముందు కరెంటు బల్బు ఉండేది అక్కడే.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఒళ్ళోని నడికట్టు ఎత్తబోతే, బల్బు వెలగకముందే ఆయన మొదలుపెట్టిన జరీ గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి అంచు దాటి ఆయన బట్టలోకి పోయింది. నడికట్టునీ ఒంటి మీది బట్టనీ కలిపి కుట్టేసుకున్నాడు.

ఇన్నాళ్ళూ అందరం దీపాన్నే తిట్టాం. కిరోసిన్ కల్తీ అన్నాం, వత్తి మంచిది కాదన్నాం. కుట్టు వంకర పోయిందని ఎవరైనా నడికట్టు తిరిగిస్తే, ఈ చీకట్లో ఎవడు కుట్టగలడు అని వాళ్ళనే కసిరాను. మెట్ల మీద కాలు జారితే చీకటన్నాం. చీకటి మమ్మల్ని బాగా మోసం చేసింది తమ్ముడూ.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందన్నాడు. పోయింది తిరిగి రాదు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో నడిమధ్యన తాళం కన్నమంత మిగిలింది, అదీ మంచి ఎండలో అయితేనే. చుక్కల మందు ఇచ్చాడు. దానితో కొన్ని నెలలు నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు అన్నాడు. తిరిగి వస్తుంటే, ఇంత కాలం ఎందుకు చెప్పలేదు నాన్నా అని ఏడ్చాను. నా చెయ్యి పట్టుకుని, "చెప్పడానికేముందమ్మా? కరెంటు లేదు కదా, మీ అందరికీ అలాగే కనబడుతోందనుకున్నా" అన్నాడు.

ఆ మాట అమ్మకి ఇంకా చెప్పలేదు. నీకే రాస్తున్నాను.

నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వాడు ఆవేశపరుడు, పని వదిలేసి వచ్చేస్తాడు, మళ్ళీ వెళ్ళడానికి వీసా దొరకదు అన్నాడు. అదంతా నిజమే. ఇక్కడ నీకు పని లేదు, అదీ నిజమే. ఇప్పుడు ఆయన ఎదురుగానే, ఆయన బల్బు కిందే కూర్చుని రాస్తున్నాను. ఇందాక ఏం రాశావో చదవమన్నాడు. బల్బు పట్టపగలులా ఉందట, నాన్న పని సాగుతోందట, దిగులు పడొద్దట అని చదివి వినిపించాను. బాగా రాశావమ్మా అని తల ఊపాడు. ఒకప్పుడు కాయితం లాక్కుని నా అక్షరాలు కోడి గీతలని వెక్కిరించేవాడు. ఈ పాపం నేను మోస్తాను, నువ్వు మాత్రం రా.

పండగ దాకా ఆగొద్దు. గిన్నెలు తోమి దాచిన డబ్బు బస్సుకి పెట్టుకో. రాత్రి వేళ దిగేటట్టు రావొద్దు, మన బల్బు చాలదు. మధ్యాహ్నం చేరేలా బయలుదేరు. నాన్న ఆ వేళకి డాబా మీద, ప్యానెల్ పక్కన ఉంటాడు. మాట్లాడకుండా వెళ్ళి, ఎండ నీ ముఖం మీద పడేలా, ఆయన కుడి కంటికి ఎదురుగా దగ్గరగా నిలబడు. ఆయన వెతుక్కుని పట్టుకునేదాకా కదలకు.

ఫోటోలో గడ్డం బాగా పెంచావు, నీకు బాగానే ఉంది. అయినా అది తీసేసి రా. నువ్వు వెళ్ళినప్పుడు నీకు మీసమే సరిగ్గా రాలేదు. నాన్నకు తెలిసిన నీ ముఖం అదే.

ఇట్లు,
నీ దారి చూస్తున్న అక్క,
తఖియ