స లేని పాట

1940 జులై 9

అమ్మ పోయి ఐదో నెల. ఇంట్లో ఏటి సూతకం. పండగ లేదు, గుడి లేదు, పాట లేదు. గ్రామోఫోన్లు బాగుచేసి బతికేవాడికి ఏడాది పాట లేకుంటే ఎలా? బాపు చూపిన దారి ఒక్కటే — మాటల రికార్డు పెట్టి మిషన్ పరీక్షించడం. అందులో ఒక రాజు మంత్రిని తిడతాడు. ఐదు నెలలుగా రోజూ తిడుతూనే ఉన్నాడు. మా ఆవిడ సత్తెమ్మకు వంటింట్లోంచి వింటూనే ఆ తిట్లన్నీ కంఠతా వచ్చాయి. కూరగాయలవాడి మీద ప్రయోగిస్తోంది.

జులై 10

తిట్లతో మిషన్ గుణం తెలియదు. మాట కొంచెం వణికినా ఎవరికీ పట్టదు. సాగిన స్వరం వణికితేనే తెలుస్తుంది. నిన్న ఇచ్చిన మిషన్ ఇవాళ వాపసు వచ్చింది — "పాట జారుతున్నది భాయ్." సిగ్గేసింది.

బాపును అడుగుదామంటే ఆయన దుకాణంలోకి రావడమే మానేశాడు. నలభై ఏళ్లు హార్మోనియం రీడ్లను చెవితో సరిచేసిన మనిషి. ఇప్పుడు వెనక గదిలో మంచం, గోడ వైపు ముఖం. పిలిస్తే "ఊ". అన్నం రెండు ముద్దలు. ఇలాగే ఉంటే అమ్మ వెనకాలే పోతాడేమోనని భయంగా ఉంది.

జులై 14

సైదాబాద్ నుంచి మేమ్‌సాబ్ వచ్చింది, పిల్లలకు పియానో నేర్పే ఆస్ట్రియా ఆవిడ. జట్కాలో ఆమె గ్రామోఫోన్, ఒక చెక్కపెట్టె నిండా రికార్డులు. సొంత దేశంలో బతకనివ్వక ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చింది. ఇప్పుడు యుద్ధం కనుక, నువ్వు ఆ శత్రుదేశం మనిషివేనని ఇంగ్లీషు సర్కారు క్యాంపులో పెడుతుందట. రేపే ప్రయాణం.

మిషన్ స్ప్రింగు తెగింది, బాగుచేసి ఉంచమంది. రికార్డులు ఊరికే పడి ఉండకూడదు, వింటూ ఉండమంది. ఏటి సూతకమని చెప్పడానికి నోరు రాలేదు. జట్కా ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఏక్ బార్ నై. దస్ బార్ సున్‌నా" అంది, ఒక్కసారి కాదు, పది సార్లు వినమని. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. నేనే తుడుచుకున్నాను.

జులై 17

కొత్త స్ప్రింగు వేశాను. పెట్టెలోంచి ఒకటి తీశాను… చీటీ మీద ఏముందో చదవడం రాదు. మాటల రికార్డయినా కావచ్చు కదా అనుకుని సూది పెట్టాను. మాటలు కావు. ఫిడేళ్లు, నాలుగు. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి జారిపోతోంది. ఏదీ దేనికీ కలవడం లేదు. మిషన్ వేగం తప్పిందని ఆపేశాను.

జులై 18

విప్పాను, తుడిచాను, నూనె వేశాను. అదే గోల. మళ్లీ విప్పాను. అదే. నాలుగోసారి సూది పెట్టేసరికి వెనక తలుపు చప్పుడు… బాపు. ఐదు నెలల తర్వాత దుకాణం గడప మీద.

"ఏందిరా ఆ లొల్లి?"

కూర్చున్నాడు. రికార్డు కింద కాగితం ముక్క దూర్చి, గడియారం చేత పట్టుకుని, కాగితం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాడు. నిమిషానికి డెబ్బై ఎనిమిది. మళ్లీ చూశాడు. డెబ్బై ఎనిమిదే. మిషన్‌లో ఏ దోషమూ లేదు. అప్పుడు సొరుగులోంచి ఒక హార్మోనియం రీడు తీసి మెల్లగా ఊదాడు. ఆ పాటకు ఆధారస్వరం ఎక్కడుందో వెతికాడు. రీడు మార్చాడు. ఏడో ఎనిమిదో మార్చాడు. దొరకలేదు.

"దీనికి స లేదురా. స లేనిది పాట గాదు, ఉత్త లొల్లి. సూతకంల వినొచ్చు. పెట్టుకో."

ఇవాళ అన్నం మారు వడ్డించుకున్నాడు. సత్తెమ్మ నా వైపు చూసింది.

జులై 30

రోజూ మూడు గంటలకు వస్తున్నాడు, తిట్టడానికి. గిట్ల గూడ వాయిస్తరా మనుషులు, అంటాడు. ఫిడేలును ఏడిపిచ్చుడు గాకుంటే ఏంది, అంటాడు. రికార్డు అయిపోగానే "రెండో దిక్కు తిప్పు" అంటాడు. గడ్డం గీసుకుంటున్నాడు. ఆ పెట్టెకు దండం పెట్టాలనిపిస్తోంది.

ఆగస్టు 11

నాకు మాత్రం తలనొప్పి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు లేరు ఈ పాటలో. మేమ్‌సాబ్ పది సార్లంది. పది ఎప్పుడో దాటాయి… బాపు కోసం పెడుతున్నాను, అంతే.

ఆగస్టు 23

ఇవాళ ఒకటి తెలిసింది. ఇన్నాళ్లూ నేను వినడం లేదు, స కోసం ఎదురుచూస్తున్నాను. ఇప్పుడొస్తుంది, ఇదిగో వచ్చేస్తుంది అని. రాకపోయేసరికి చికాకు. ఇవాళ ఎదురుచూడటం మానేశాను. నాలుగింటిలో అడుగున మోగే పెద్ద ఫిడేలు ఒక్కదాని వెంటే వెళ్లాను. చివరిదాకా వెళ్లగలిగాను. మధ్యలో ఒకచోట నాలుగూ ఆగిపోతాయి. సూది గీరే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఇంతకుముందు అది రికార్డు పాడైన చోటు అనుకున్నాను.

సెప్టెంబర్ 6

యాభయ్యోసారి. తలనొప్పి లేదు.

సెప్టెంబర్ 19

రెండో రికార్డు. ఒక ఆడమనిషి గొంతు, పాటకూ మాటకూ మధ్య. బాపు చాలాసేపు తిట్టలేదు. తర్వాత, గొంతు మంచిదే, నేర్పినోడే సరిగ్గ లేడు, అన్నాడు.

అక్టోబర్ 11

దసరా. అందరూ జమ్మి చేతికిచ్చుకుంటున్నారు. మా గడప ఎవరూ తొక్కలేదు.

మూడు గంటలకు మామూలుగానే పెట్టాను. నాలుగు ఫిడేళ్లు ఆగే చోటు వచ్చింది… మళ్లీ మొదలైనప్పుడు ఒళ్లు జలదరించింది. కళ్లలో నీళ్లు. బాపు చూడకుండా కీ తిప్పుతున్నట్టు తల వంచుకున్నాను. ఇది పాట. ఎప్పటి నుంచో పాటే. నాకే తెలియలేదు.

అక్టోబర్ 12

రాయాలి. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ?

అమ్మ పోయిన రోజు దుకాణంలో ఎవరో బాగుకిచ్చిన మిషన్ మోగుతోంది. మంచి పాట. గట్టిగా పెట్టాను. వెనక పెరట్లో పడిపోయిన అమ్మ రెండుసార్లు నా పేరు పిలిచిందట. పక్కన అత్తరు అమ్మే మీర్ సాబ్ గోడ అవతలి నుంచి విని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకు వినపడింది. నాకు వినపడలేదు. చితి దగ్గర మనసులో అమ్మతో అన్నాను — ఏడాది పాట వినను. సూతకం అందరిది. ఈ మాట నా ఒక్కడిది.

నిన్నటితో ఆ మాట తప్పాను. బాపుతో చెబితే పెట్టె మూతపడుతుంది, ఆయన మళ్లీ గోడ వైపు తిరుగుతాడు. చెప్పకపోతే రోజూ మూడు గంటలకు అమ్మకిచ్చిన మాట తప్పుతూ ఉండాలి. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

అక్టోబర్ 13

పెట్టాను.

నవంబర్ 3

పెడుతూనే ఉన్నాను. విననట్టు నటించడం కూడా నేర్చుకున్నాను. మొదట్లో మిషన్ విప్పినట్టు ఒక్కో ఫిడేలునూ విడదీస్తూ విన్నాను, ఇప్పుడు ఊరికే కూర్చుంటే చాలు, పాట అదే వస్తోంది.

డిసెంబర్ 8

పొద్దున బాపు పెరట్లో గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. అమ్మ పోయాక మొదటిసారి. సత్తెమ్మ చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయింది. "మామ పాడుతుండు…" అని నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, ముఖమంతా వెలుగు.

నేను గుర్తుపట్టాను. రెండో రికార్డులో ఆ ఆడమనిషి మొదలుపెట్టే ఐదు స్వరాలు. ఒక్కటి కూడా తప్పలేదు. ఆయనకు తెలియడం లేదు తను ఏం పాడుతున్నాడో. సత్తెమ్మకు సైగ చేశాను, అడగొద్దని.

డిసెంబర్ 21

విలాయతి సూదులు బజారులో లేవు. పాతవే సానపట్టి వాడుతున్నాను. బాపు కూనిరాగం రోజూ ఉంది.

1941 జనవరి 27

చెప్పక తప్పలేదు.

ఎల్లుండి మొహర్రం నెల మొదలు. మీర్ సాబ్ వచ్చి, ఏటేటా అడిగినట్టే ఎంతో మర్యాదగా, పది రోజులు గానా బంద్ పెట్టమన్నాడు. బాపు నవ్వి, మా ఇంట్లో ఏటి సూతకం, గానా ఎక్కడిది అన్నాడు. మీర్ సాబ్ ఇబ్బందిగా గోడ వైపు చూపించాడు.

"వో దోపహర్ కా గానా, ఉస్తాద్. మేరే కూ తో యాద్ హో గయా."

ఆ మధ్యాహ్నం పాట నాకు కంఠతా వచ్చేసింది, అంటున్నాడు గోడ అవతలి మనిషి! మీర్ సాబ్ వెళ్లాక బాపు నా వైపు తిరిగాడు.

"నీకు గూడ పాట లెక్కనే వినొస్తున్నదారా?"

కాదంటే అయిపోయేది. అమ్మ విషయంలో ఒకసారి వినలేదు… మళ్లీ వినలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఆ, బాపు. దసరా సంది."

"ఇరవై రోజులాగి చెప్పరాదురా," అన్నాడు. తిట్టలేదు. ఏడాది దాటేదాకా ఓపిక పట్టలేకపోయావా అని మాత్రమే. లేచి, గోడ పట్టుకుంటూ వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

జనవరి 30

గల్లీ అంతా నిశ్శబ్దం. మా ఇల్లు కూడా. మూడు గంటలకు కాళ్లు వాటంతటవే దుకాణంలోకి నడిచాయి.

ఫిబ్రవరి 3

అన్నం రెండు ముద్దలు. కూనిరాగం లేదు. సత్తెమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "అబద్ధమాడితే నీ సొమ్మేం పోయింది," అంది ఒక్కసారే.

ఫిబ్రవరి 8

మొహర్రం పది రోజులూ అయిపోయాయి. గల్లీలో మళ్లీ బాజాలు. మీర్ సాబ్ గోడ మీద వేలితో తట్టి, ఉస్తాద్ ఖైరియత్ అని అడిగాడు. బాగున్నాడన్నాను.

ఫిబ్రవరి 15

రేపు ఏడాది మాసికం. అయ్యగారితో మాట్లాడి వచ్చాను. సామానంతా తెచ్చాను. ఎల్లుండి నుంచి ఏ పాటైనా వినొచ్చు. బాపు వస్తాడో రాడో…

మధ్యాహ్నం చాయ్ ఇవ్వడానికి గదిలోకి వెళ్లాను. గోడ వైపే తిరిగి ఉన్నాడు. గ్లాసు పెట్టి వస్తుంటే పిలిచాడు.

"రేపు పిండం కాడ మీ అమ్మకు ఏమని చెప్తవురా?"

నా మాట సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఎట్లా తెలిసిందో అడగలేదు.

"విన్ననని చెప్త, బాపు."

గ్లాసు ఆయన చేతికి దగ్గరగా జరిపాను. చాయ్ చల్లారిపోతోందని చెబుదామనుకున్నాను.

"నేను గూడ విన్ననని చెప్పు. నాకు నోరు రాదు."

సరేనన్నాను. విన్నామని చెప్పగలను. బాగుందని కూడా చెప్పాలా…