తవుడు గేదెకి, తెల్లన్నం నీకు

వదినా,

బాగున్నావా అని రాసి, కొట్టేశాను. చేతికి ఆ అలవాటు ఇంకా పోలేదు. కాకినాడ హాస్టల్ నుంచి నీకు రాసిన ప్రతి ఉత్తరమూ ఆ మాటతోనే మొదలయ్యేది కదా...

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. నా పరీక్షలు అయిపోయాయి. ప్యాసయ్యాను. పేరు పక్కన బి.ఏ. అని రాసుకోవచ్చు. యానాంలో ఆ అక్షరాలు ఎవరికి చూపించను? పొద్దున్నే గోదారి గట్టు మీద ఆ చివరిదాకా నడుస్తాను, మళ్ళీ ఈ చివరిదాకా నడుస్తాను. రేవు దాటించే పంటి పడవ అవతలి ఒడ్డుకి వెళ్తుంది, వస్తుంది. నేను ఎక్కను. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోతే ఊరు పెద్దదవుతుందన్నారు. నా కళ్ళకి రోజురోజుకీ చిన్నదవుతోంది.

ముందు నీ కూతురి సంగతి. నువ్వు అదే అడుగుతావు. పాకుతోంది. కింద రెండు పళ్ళొచ్చాయి. నీలాగే బొద్దుగా, ఎవరెత్తుకున్నా నవ్వుతుంది. మన గేదె పాలే దానికి ఆధారం. ఆ గేదె ఎంత బలంగా ఉందనుకున్నావు! మిల్లులో వచ్చిన తవుడంతా దానికేగా. వీపు నిగనిగలాడుతూ ఉంటుంది. చూడలేక మొహం తిప్పుకుంటాను. నోరులేని పశువు మీద కోపం ఏమిటి చెప్పు? పైగా నీ పిల్లని పెంచుతున్నదే అది...

ఇవాళ నీకు రాయడానికి కారణం అక్క. రాజ్యం అక్క ఏడో నెలలోనే పురిటికి వచ్చేసింది. మగపిల్లాడు పుట్టాడు. నువ్వు పడుకున్న గదిలోనే, నువ్వు పడుకున్న నులక మంచం మీదే పడుకోబెట్టారు. నిన్న దాని కాళ్ళు చూశాను.

అది తర్వాత చెప్తాను. ఒక్కసారిగా రాయలేకపోతున్నాను.

నీ పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. నువ్వు పోయాక అమ్మ వాటిని అటక మీద పాత డబ్బాల వెనక పెట్టింది. ఎదురు కొట్టువాళ్ళకి పొట్లాలకి ఇచ్చెయ్యండి అన్నారు నాన్న. నేను నిచ్చెన వేసుకుని దించుకున్నాను. బెజవాడ నుంచి వీపీ పోస్టులో తెప్పించుకున్న పుస్తకాలు... పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడితే చాలు, పిండి చేతులతో వీధిలోకి పరిగెత్తేదానివి. అన్నయ్య నవలలనుకున్నాడు. విప్పి చూస్తే ఏముంది? ఒకటి తిండి గురించి, ఒకటి పెరటి తోట గురించి, ఒకటి ఒళ్ళు తగ్గడం గురించి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గుమ్మంలో చాప వేసుకుని పైకి చదివేదానివి. అమ్మ విననట్టే వినేది. "అత్తయ్యగారూ, సత్తువంతా బియ్యం పైపొరలోనే ఉందిట. సత్తువ గేదెకి పెట్టి పిప్పి మనం తింటున్నామండీ" అన్నావొకసారి. సొంత మిల్లు పెట్టుకుని కూలివాళ్ళలా దంపుడు బియ్యం తింటే నలుగురూ ఏమనుకుంటారని అమ్మ కసిరింది. నువ్వు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు.

మెట్టకూరులో మీ ఇంట రోకలి పోటు వినకుండా తెల్లారేది కాదని చెప్పేదానివి. ఇక్కడ గోడ అవతలే మిల్లు. ఇంజను మొదలెడితే గోడమీద దేవుడి పటాలు కూడా వణుకుతాయి. "మీ బియ్యం మల్లెపూలలా ఉంటాయే అమ్మడూ. వాసనే లేదు" అన్నావు. నేను నవ్వాను. అది నవ్వాల్సిన మాటేనా?

పెరటి తోట పుస్తకం వచ్చాక మిల్లు వెనక ఊకబూడిద దిబ్బ తవ్వించి తోటకూర చల్లావు. ఆ బూడిదలో ఏం మొలుస్తుందని అన్నయ్య ఏడిపించాడు. "ఏ ఊరి మనిషికి ఆ ఊరి మన్నే తిండి పెట్టాలి. బండెక్కి వచ్చిన కూర అప్పటికే అలిసిపోయి ఉంటుంది" అనేదానివి. ఆ మాట కోసం పుస్తకమంతా వెతికాను. ఎక్కడా లేదు. నీ సొంతమే.

ఇక మూడో పుస్తకం... కొళాయి దగ్గర ఆడవాళ్ళు నిన్ను మిల్లు వారి బస్తా అనేవారు. "బస్తా ఏమిటర్రా, ఏకంగా పుట్టెడు ధాన్యం అనండి" అని వాళ్ళకంటే ముందు నువ్వే నవ్వేదానివి. నవ్వి ఇంటికొచ్చి ఆ పుస్తకానికి కార్డు రాశావు. నాకు అప్పుడు తెలియలేదు, నవ్వు కింద ఏముందో.

దాని ముందుమాట ఇప్పుడు చదివాను. ఈ పద్ధతులు గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ పనికిరావని అక్కడే ఉంది. నువ్వు చదివి ఉండవు. "ముందుమాటలు మొగాళ్ళు చదువుకుంటారు. మనకి పొయ్యి మీద ఎసరుంది" అని ఏ పుస్తకమైనా నాలుగు పేజీలు దాటేసి మొదలెట్టేదానివిగా...

నీ పురుడు అమ్మే పోసింది. నీకు తల్లి లేదు, పుట్టింటికి పంపితే చూసేవాళ్ళెవరని. తల్లి లేని పిల్లకి ఏ లోటూ రానివ్వకూడదని అమ్మ పంతం పట్టింది. అందుకే పథ్యం కూడా అందరికంటే గట్టిగా పెట్టింది. పాత బియ్యం, అవీ నీ కోసం మిల్లులో రెండోసారి పాలిష్ పట్టించినవి. తెల్లగా తేలేదాకా కడగడం, ఉడికాక గంజి వార్చెయ్యడం. పైన నెయ్యి, వెల్లుల్లి కారం. పప్పు వాతం. ఆకుకూర చలవ. మజ్జిగ జలుబు. మంచి నీళ్ళు కూడా అడిగితే గానీ లేవు.

నేను సెలవలకి వచ్చేసరికి నీ తోటకూర మోకాలెత్తు ఎదిగింది. గది కిటికీలోంచి కనిపించేది. "అదిగో, తలూపి రమ్మంటోందే. వీళ్ళు వెళ్ళనివ్వరని దానికి తెలీదు, పాపం" అన్నావు. ఆ పాపం దేని మీద వదినా? తోటకూర మీదా, నీ మీదా?

నీ పాదాలు ఉబ్బాయి. తర్వాత మొహం ఉబ్బింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా బాలింత ఒళ్ళు చేసిందన్నారు. అత్తగారంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు. అమ్మ మురిసిపోయింది. నువ్వేమో గోడవైపు తిరిగి ఏడ్చావు, మళ్ళీ బస్తానవుతున్నానని. ఆ పుస్తకం దిండు కింద పెట్టుకున్నావు. రాత్రి అన్నం మానేశావు. నెయ్యి మానేశావు. అటు అమ్మ పథ్యం, ఇటు నీ పుస్తకం... మధ్యలో నీ కంచం అరచేతంత అయిపోయింది.

నీరు పట్టిన ఒంటిని అందరూ కండ అనుకున్నారు. కొందరు మెచ్చుకున్నారు. నువ్వు ఏడ్చావు. నొక్కి చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

నొక్కి చూసింది కాకినాడ డాక్టరమ్మ. ఆయాసంతో నిద్రపట్టడం లేదంటే అన్నయ్య నిన్ను బస్సులో తీసుకొచ్చాడు. నేను హాస్టల్ నుంచి ఆసుపత్రికి వచ్చేసరికి ఆవిడ నీ ముంగాలి మీద బొటనవేలు పెట్టి నొక్కుతోంది. వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. మెత్తటి మట్టిలో వేలు దించినట్టు... ఏ బియ్యం తింటారని అడిగింది. అన్నయ్య గర్వంగా చెప్పాడు, సొంత మిల్లనీ, రెండు పాలిష్‌లు పట్టిస్తామనీ. ఆవిడ అన్నయ్య వంక ఒకసారి చూసింది. సూది వేసింది. బెరిబెరి అంది. తవుడుతో పాటు పోయే విటమిన్ లేక వచ్చే జబ్బని, గుండె దాకా వచ్చేసిందని, కాస్త ముందు తేవలసిందని చెప్పింది.

నువ్వు నా చెయ్యి పట్టుకుని అడిగావు. "అమ్మడూ, నేనేమైనా సన్నబడ్డానా?"

నీ చివరి మాట అదే. నేనేం చెప్పానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. అవునన్నానా? ఏమీ అనలేదా? నీకు వినపడిందా?

డాక్టరమ్మ చెప్పిందంతా ఇంట్లో చెప్పాను. దిష్టి అంది అమ్మ. నలుగురూ అంత ఒళ్ళు చేసిందంటే తగలదా అంది. మిల్లు మీద ఆ మాట పడకూడదని నాన్నా అదే పట్టుకున్నారు. నేను పరీక్షలకి వెళ్ళిపోయాను. ఇంట్లో కంచాలూ మారలేదు, బియ్యమూ మారలేదు.

అన్నయ్యకి సంబంధాలు వస్తున్నాయి. రాయకూడదనుకున్నాను... దాచినా నువ్వు ఊరుకోవు. వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల సన్నగా ఉంటుందని మొదటి మాటగా చెప్తున్నారు. అన్నయ్య వింటూ వింటూ లేచి మిల్లులోకి వెళ్ళిపోతాడు. అక్కడ ఇంజను చప్పుడులో ఎవరి మాటా వినపడదు కదా.

అక్క కాళ్ళ సంగతి. నిన్న నేనే దానికి నీళ్ళు పోశాను. పట్టీలు చీలమండల్లో దిగిపోయి ఉన్నాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయే అంది. బొటనవేలితో ముంగాలి మీద నొక్కాను. తీశాను. గుంట. అక్కకి చక్కిలిగిలి పుట్టి నవ్వింది.

తడి చీరతోనే వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ అన్నం వారుస్తోంది. గంజి తెల్లగా కుడితి తొట్టిలోకి పోతోంది. అవే బియ్యం, అదే వార్పు, అదే గది, వదినని పంపినట్టే దీన్నీ పంపుతావా అని అరిచేశాను. అమ్మ గంజి వార్చే సిబ్బి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "దానికి నా చేత్తో ముద్దలు కలిపి పెట్టానే" అంది. "కడుపున పుట్టిన నీకైనా అలా పెట్టలేదే" అంది నాతో.

అప్పుడు తెలిసింది నాకు. దంపుడు బియ్యం వండడం అమ్మకి కష్టం కాదు. వండితే, నిన్ను తీసుకుపోయింది దిష్టి కాదని ఒప్పుకోవాలి. తన చేత్తో కలిపిన ఆ ముద్దలేమిటో ఒప్పుకోవాలి. ఎలా ఒప్పుకుంటుంది? ఒప్పుకోకపోతే అక్క ఏమవుతుంది? చదువుకున్నదాన్ని కదా, ఆ రెండు ప్రశ్నల మధ్య నిలబడి ఏం చెయ్యాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు వదినా...

రేపు పొద్దున్న బస్సుకి అక్కని కాకినాడ తీసుకెళ్తానని ఇంట్లో చెప్పేశాను. పచ్చి బాలింత గడప దాటడమేమిటని నాన్న కేకలేశారు.

ఇవాళ మధ్యాహ్నం మిల్లు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెరట్లోంచి చప్పుడు. దబ్బు... దబ్బు... ఒక్క క్షణం నువ్వే అనుకున్నాను. నువ్వు మెట్టకూరు నుంచి తెచ్చుకుంటే అమ్మ గేదెలపాక మూల పెట్టించిన రోకలి, ఆ రోకలి చప్పుడు.

అమ్మ. కొంగు బిగించి, ఒక్కతే. ఈ ఇంటికి మిల్లు వచ్చాక తను రోకలి ముట్టలేదు. పోటు సరిగ్గా పడటం లేదు. ధాన్యం రోటి బయటికి చిమ్ముతోంది. సగం నూకలవుతున్నాయి. చెరిగిన తవుడు చేటలో పోగైంది. దాని వాసనకి గేదె తాడు తెంచుకునేలా మెడ చాపి అరుస్తోంది.

దానికి వెయ్యకు అంది అమ్మ, తలెత్తకుండా.

కారం దంచే పాత రోకలొకటి ఉంటే నేనూ తెచ్చాను. ఇద్దరం ఒకే రోట్లో, ఒకరి పోటు తర్వాత ఒకరం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ పోటుపోటుకీ ఏదో గొణుగుతోంది. నీ పేరేనేమో... అడగలేదు.

సాయంత్రం అత్తెసరు పెట్టింది. గంజి వార్చలేదు. నీ దిబ్బ మీద విత్తు రాలి మళ్ళీ మొలిచిన తోటకూర నేను కోసుకొస్తే పప్పులో వేసింది. ఆ ముతక అన్నం చూసి అక్క మొహం ముడుచుకుంది. అమ్మ పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. నీకు పెట్టినట్టే. ఒక్కో ముద్ద పెట్టి, అది మింగేదాకా దాని గొంతు వంకే చూసింది.

అక్క ముంగాలు ఇంకోసారి నొక్కి చూశాను. గుంట పడుతూనే ఉంది. ఒక్క పూట అన్నానికి ఏమవుతుంది? నీ విషయంలో ఆలస్యమైంది. దీని విషయంలో కాలేదని ఎవరు చెప్తారు? డాక్టరమ్మ వేలు పెట్టి నొక్కి, ఈసారి ఏమంటుందో... వెళ్ళమని అమ్మ ఇంతవరకూ అనలేదు. కానీ వంటింట్లో దారికి మూట కడుతోంది. దంపుడన్నమే.

నీ మూడో పుస్తకాన్ని గోదాట్లో విసిరేద్దామని రెండుసార్లు గట్టుదాకా తీసుకెళ్ళాను. విసరలేకపోయాను. ఇక విసరను. ఎవరైనా అడిగితే ఇస్తాను, ముందుమాట నేనే పైకి చదివి వినిపించి మరీ ఇస్తాను.

నీ కూతుర్ని రేపు ఎవరైనా బస్తా అని ఏడిపించనీ, బొద్దుగా ఉందని ముద్దాడనీ... ముందు నేను దాని కాలు నొక్కి చూస్తాను వదినా. మాట ఇస్తున్నాను.

నీ
అమ్మడు