ట్రంకు పెట్టె తాళంచెవి

యూనిఫారాల షెడ్డులో ముప్పై ఒక్క సంవత్సరాలు కాలర్లు కుట్టి రిటైరైన దర్జీని, అరవై ఎనిమిదేళ్లదాన్ని, వీధిలో పిల్లా పెద్దా 'రేపటత్త' అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర బాగానే పనిచేస్తోంది. అనుమానం ఉన్నవాళ్లు నా మాత్రల పేర్లు వరసగా చెప్పమని అడగవచ్చు. ఇది నా తదనంతరం అమల్లోకి వస్తుంది. అమలుపరిచే బాధ్యత మందుల షాపాయనది. ఆయన చీటీ లేనిదే దగ్గుమందు కూడా ఇవ్వడు కనుక నమ్ముతున్నాను.

1. నేనుంటున్న రెండు గదులూ సర్వహక్కులతో నా కూతురికి చెందుతాయి. వంటగది కిటికీ వానలకు బిగుసుకుపోతుంది. కోపం తెచ్చుకుని గుద్దవద్దు, కొంచెం పైకెత్తి తోయాలి. ఈ మాట కిటికీ ఒక్కదాని గురించే కాదని అల్లుడికి కూడా తెలుసు.

2. కుట్టుమిషను ఎదురింటి పెద్దమ్మాయికి. కాజాలు ఇంకా వంకరగానే కుడుతోంది. నేనూ మొదటి రెండేళ్లు అలాగే కుట్టాను.

3. నా పెద్ద కత్తెర షెడ్డు సూపర్‌వైజరుకు. అది షెడ్డులో కొట్టేశానని ఇరవై ఏళ్ల కిందట నలుగురిలో అన్నాడు. నా డబ్బుతో కొన్న రసీదు కత్తెర పిడికి కట్టి ఉంచాను. కత్తెర ఉంచుకోనక్కర్లేదు, రసీదు చదివితే చాలు.

4. అటక కింది ట్రంకు పెట్టె నాది కాదు. పద్నాలుగు ఇళ్లవాళ్లు తలా కొంచెం వేసుకుని కొన్నది. అందులోని బ్యాంకు పుస్తకాలు, కార్డులు కూడా వాళ్లవే. కూలిడబ్బు చేతికి అందితే నిలవదని మాకు బాగా తెలుసు గనక ఒక పద్ధతి పెట్టుకున్నాం. పుస్తకం అడగడానికి వచ్చినవాళ్లతో 'రేపు రా' అంటాను. ఎందుకని అడగను. మర్నాడు వస్తే మారుమాట లేకుండా ఇచ్చేస్తాను. పదిమందిలో ఏడుగురు మర్నాడు రాలేదు. అలా మిగిలిన డబ్బుతోనే అద్దె ఆటో ఆయన సొంత ఆటో కొన్నాడు, గిన్నెలు తోమే ఆవిడ కూతురు నర్సు అయింది, కాపలాదారుకు ముసలితనంలో నెలనెలా ఇంత వచ్చే ఏర్పాటు జరిగింది. నేను పోయాక పుస్తకాలు ఎవరిళ్లకు వాళ్లవి వెళ్లిపోతే ఏడాది తిరగకుండా అన్నీ ఖాళీ అవుతాయి. చావంటే నాకున్న భయం ఇదొక్కటే.

5. ఈ పద్ధతి వల్ల ఒక ఘోరం కూడా జరిగింది. పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా తమ్ముడి భార్య గుమ్మంలోకి వచ్చి, "వదినా, పుస్తకం ఇవ్వు" అంది. మిషను మీంచి తల ఎత్తకుండానే "రేపు రా" అన్నాను. ఆ పూటే వడ్రంగం షెడ్డులో రంపం మిషను కింద తమ్ముడి కుడిచేతి వేళ్లు రెండు తెగాయని నాకు తెలియదు. ఆమె ఆ సంగతి చెప్పకుండానే డబ్బు కోసం పరుగెత్తింది. తల ఎత్తి ఉంటే ఆ మొహం చూసేదాన్ని. ఆమె ఊరంతా తిరిగి డబ్బు తెచ్చేసరికి, ఇక అతకవని డాక్టరు చెప్పేశాడు.

అప్పటి నుంచి "ఒంటికా, ఇంటికా?" అని అడుగుతున్నాను. ఒంటి బాధకు అంటే అప్పటికప్పుడే ఇస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఒప్పుకుంటాను. మరదలు ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. కానీ బ్యాంకులో డబ్బు కట్టిన రసీదు నెలనెలా పక్కింటావిడ చేత పంపిస్తూనే ఉంది. తన పుస్తకం మాత్రం ఒక్కనాడూ వెనక్కి అడగలేదు.

6. కాబట్టి ట్రంకు పెట్టె తాళంచెవి నా మరదలికి అప్పగించాలి. గుమ్మంలో నిలబడ్డవాళ్లకు ఒక రోజు ఎంత పొడుగో ఈ వీధిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె అయితే ఎదుటివాళ్ల మొహం చూడకుండా ఎవరికీ 'రేపు రా' అనదు. ఇది మిగతా పదమూడు ఇళ్లవాళ్లూ ఒప్పుకున్న మాట. తమ్ముణ్ణి సాక్షిగా పెట్టుకుంటానంటే, పుచ్చుకునేవాళ్ల భర్త సాక్షి సంతకం చేయకూడదని ఇది రాస్తున్నాయన అడ్డు చెప్పాడు. ఆస్తి ఇస్తే కదా నాయనా, నేనిచ్చేది తలనొప్పి అన్నాను.

ఈ ముక్క మా మరదలికి: అమ్మాయీ, తప్పు నాది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పదకొండేళ్లు గడిపేశాను.

7. ఆమె వద్దంటే బలవంతపెట్టకూడదు. తాళంచెవి ఆ పూటకు మందుల షాపులో ఉంచి, మర్నాడు ఇంకొక్కసారి అడగాలి. అప్పుడూ వద్దంటే ఎవరి పుస్తకం వాళ్లకు ఇచ్చేయాలి.

చదివించుకుని విని, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయని ఒప్పుకుని సంతకం చేశాను.

2025 మార్చి 11, మంగళవారం.

(సంతకం) రేపటత్త

సాక్షులు:

1. సొంత ఆటో ఆయన.

2. తమ్ముడు. ఎడమచేత్తో చేశాను, వంకరగా ఉన్నా నా సంతకమే. తాళంచెవి సంగతి ఇంట్లో రేపు చెబుదామనుకున్నాను. వద్దులే, ఇప్పుడే వెళ్లి చెబుతాను.