పక్క సీటున్న బండి

మార్చి 3, ఆదివారం
మధ్యాహ్నం, వంటింటి బల్ల దగ్గర

చిరంజీవి బావమరిదికి,

నీ బావ దీవించి రాసేదేమంటే, ఇక్కడ నేను కులాసా, మీ అక్క నాకన్నా కులాసా, పెరట్లో తేనెటీగలు మా ఇద్దరికన్నా కులాసా. నువ్వూ, మా చెల్లెమ్మా, నీ డిపోలో పొగ కక్కే బస్సులూ అన్నీ బాగున్నాయనే అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు! పెళ్లికి ముందు నీ పెళ్లానికి కూడా ఇంత పొడుగు ఉత్తరం రాసి ఉండవు. ఇంజను గురించి ఒకటిన్నర పేజీ, మా ఆరోగ్యం గురించి ఒకటిన్నర లైను. మెకానిక్కువి అనిపించుకున్నావు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. బండి నిన్న కొనేశాం. నువ్వు చెప్పింది కొనలేదు. ఉత్తరం విసిరికొట్టకుండా చివరిదాకా చదువు. ఎందుకు కొనలేదో చెబుతాను, నువ్వే ఒప్పుకుంటావు.

మా పై పొలం నువ్వు చూసిందే. నువ్వు చూడటం వేరు, నేను కొలవడం వేరు. ముప్పై రెండేళ్లు సర్వే ఆఫీసులో ఊరందరి భూములూ కొలిచినవాణ్ణి. ఇంటి నుంచి నిమ్మ తోటదాకా అర కిలోమీటరు దారి, అందులో మధ్య భాగం పది అడుగులు ముందుకి వెళ్తే మూడడుగులు పైకి లేస్తుంది. దారి కొండని నిటారుగా ఎక్కదు, పక్కవాటంగా కోసుకుంటూ పోతుంది. అంటే బండి ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే నడుస్తుంది. ట్రాక్టరు ఆ దారి ఎక్కినా నిమ్మ వరుసల మధ్య తిరగలేదు. తలమీద మోద్దామా అంటే, తేనె నిండిన పెట్టె ఒక్కొక్కటీ పాతిక కిలోలు. నా నడుం సంగతి నీకు తెలుసు.

నిరుడు మీ అక్క పడి తుంటి ఎముక విరిగాక పెట్టెలన్నీ పెరట్లోకి దింపించాం. అప్పుడు పద్నాలుగు. ఇప్పుడు పదకొండు. ఆ మూడూ నా చేతి చలవే. తేనెటీగల్ని చూసుకోవడానికి సర్వే లెక్కలు పనికిరావని అవి నా ముక్కు మీదా చెవుల మీదా కుట్టి కుట్టి చెప్పాయి. మీ అక్క కుర్చీలోంచి అరుస్తూ ఉండేది, మెల్లిగా, మెల్లిగా, నువ్వు ఫైలు తెరవడం లేదు అని.

జనవరిలో ఒకరోజు కూరలు తరుగుతూ తను ఒక మాట అంది. ఈసారి నిమ్మ పూతకి పెట్టెలతో పాటు తనూ పైకి వెళ్లలేకపోతే, మొత్తం డెయిరీ వాళ్ల కోడలికి ఇచ్చేస్తానని, ఇక ఆ పని జోలికి పోనని. ఏడుస్తూ చెప్పలేదు. గ్యాసు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నాకు భయం పట్టుకుంది అందుకే. మీ అక్క అరిచినప్పుడు నేనెప్పుడూ భయపడలేదు, మామూలుగా మాట్లాడినప్పుడే. ఇరవై ఆరేళ్లుగా చూసుకున్న పనిని కత్తిపీట పక్కన పెట్టేసినట్టు పెట్టేస్తే, ఆ తర్వాత ఈ ఇంట్లో మనిషి ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అందుకే బండి. నా నడుం కోసం అని ఊళ్లో చెప్పాను కానీ, నా నడుం దేనికి, దాని ముఖం.

ఇక నీ బండి సంగతి. గుర్రం ఎక్కినట్టు కాళ్లు అటూ ఇటూ వేసి, హ్యాండిల్ పట్టుకుని నడిపే ఒంటి మనిషి ఏటీవీ. తేలిక, సన్నం, ఎక్కడైనా దూరుతుంది, రిపేరు సులువు అని రాశావు. అన్నీ నిజమే. కంచె చూసుకు రావడానికి, గొర్రెల్ని మళ్లించడానికి, ఒక్కడే తిరిగే పనికి అంతకన్నా మంచి బండి లేదు. నేనొక్కణ్ణే అయితే కళ్లు మూసుకుని కొనేవాణ్ణి. కానీ నువ్వు చివర ఒక వాక్యం రాశావు చూడు, సీటు పొడుగ్గా ఉంటుంది బావా, అక్కని వెనక కూర్చోబెట్టుకో, నిన్ను పట్టుకుని కూర్చుంటుంది అని. అది చదివి ఉత్తరం బల్ల మీద పెట్టేశాను. సీటు పొడుగ్గా ఉండేది ఇద్దరి కోసం కాదు అబ్బాయ్. నడిపేవాడు వాలుని బట్టి ముందుకీ వెనక్కీ, పక్కకీ జరగడం కోసం. వెనక ఇంకో మనిషి ఉంటే జరగడానికి చోటుండదు, బరువు పైకి చేరుతుంది, ఒరిగిన దారిలో బండి మన మాట వినదు. బస్సులు బాగుచేసే నీకు ఇది తెలియకపోవడం తప్పు కాదు. నాకు తెలుసు.

మొదట వెళ్లిన షోరూంలో ఒక సేల్స్‌మన్ ఉన్నాడు. మనిషి మంచివాడే, పళ్లు మాత్రం ఎక్కువ చూపిస్తాడు. బండి ఎంత వేగంగా పోతుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా పోగలదో చెప్పమన్నాను. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదన్నాడు. నేను ఊరికే వెళ్లలేదులే. ఖాళీ తేనె పెట్టెలో పాతిక కిలోల ఇటుక ముక్కలు నింపి పట్టుకెళ్లాను. దాన్ని వెనక ట్రేలో పెట్టించి, పైన గ్లాసు నిండా నీళ్లు పెట్టి, షోరూం వెనక రాళ్ల నేల మీద నడపమన్నాను. పెట్టె లోపల మైనం పలకలు చిట్లకుండా పైకి చేరాలంటే కుదుపు ఎంతో చూడాలి కదా. అతను మూడు అడుగులు పోయేసరికి గ్లాసు ట్రేలో దొర్లింది. మీ అక్క ముఖం పక్కకి తిప్పుకుని నవ్వింది. ఏడాదిలో తన నవ్వు అంత బాగా వినడం అదే మొదలు.

రెండో చోట బ్యాటరీ బండి చూశాం. చప్పుడు లేదు, పొగ లేదు, ఈగలకి అంతకన్నా ఏం కావాలి. మనసు పారేసుకున్నాను. కానీ నాలుగు పెట్టెలు వేసుకుని మా వాలు ఎన్నిసార్లు ఎక్కుతుందని అడిగితే అక్కడ ఒక్కరూ నికరంగా చెప్పలేకపోయారు. చదును నేల మీద ఇంత దూరం అని కాగితం చూపించారు. మా పొలం ఆ కాగితం మీద లేదు. పైగా రిపేరుకి మనిషి మూడు గంటల దూరం నుంచి రావాలట. దండం పెట్టి వచ్చేశాను.

మూడోది షోరూం కాదు, షెడ్డు. నడిపేది ఒక ఆవిడ, కోటు నిండా గ్రీజు. ఆవిడ బండి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. బరువు పైకి పోతుందా కిందికి వస్తుందా, ఎక్కడ తిప్పుతారు, వానలో కూడా పోవాలా అని అడిగింది. తర్వాత ఎవరు నడుపుతారని అడిగింది. ఇంకెవరు, నేనే అన్నాను. ఆవిడ నా మాట వినిపించుకోనట్టే మీ అక్క చేతికర్ర వైపు చూసి, ఏ కాలు అని అడిగింది. ఎడమ కాలు అంది మీ అక్క. అయితే ఇందులో కూర్చోండి అంటూ పక్కపక్కన రెండు సీట్లున్న బండి దగ్గరికి తీసుకెళ్లింది. సీటు మన వంటింటి కుర్చీ ఎత్తే. ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. కాలు ఎత్తి అవతలికి వేసే పని లేదు. మీ అక్క కూర్చుంది. కూర్చున్నది స్టీరింగ్ ఉన్న వైపు! ఆవిడ కావాలనే ఆ వైపుకి తీసుకెళ్లిందని నాకు ఇంటికొచ్చాక వెలిగింది.

బండి వివరాలు రాస్తాను, రాసుకో. ఇద్దరికీ సీటు బెల్టులు, తల మీద ఇనుప పంజరం, బండి బోల్తా పడ్డా మనుషులు దాని కింద పడరు. వెనక ట్రేలో నాలుగు పెట్టెలు పడతాయి. నాలుగు చక్రాలూ లాగుతాయి. చీమ నడకకి వేరే గేరుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు తొక్కుతూ కూర్చోనక్కర్లేదు. ఇంజను నువ్వు చెప్పినదానికన్నా చిన్నది. చాలు. మేము పందేలకి పోవడం లేదు. గ్లాసులో నీళ్లు అంచుదాకా వచ్చి ఆగిపోయాయి, ఒలకలేదు.

గురువారం షెడ్డు ఆవిడ బండిని మా వాలు మీద చూసుకోమని తెచ్చి ఇచ్చింది. ఇక్కడ నీ బావ పప్పులో కాలేశాడు, నవ్వుకో. పై పొలం గేటు వెడల్పు నేను రెండుసార్లు కొలిచాను, స్తంభం నుంచి స్తంభానికి. బండి వెడల్పు కన్నా మూడు వేళ్లు ఎక్కువే ఉంది. మీసం మెలేసి మరీ చెప్పాను, సరిగ్గా పడుతుందని. తీరా చూస్తే, గేటు తలుపు లోపలికి తెరుచుకుని స్తంభాన్ని ఆనుకుని నిలబడుతుంది. ఆ తలుపు మందం నాలుగు వేళ్లు! ఊరందరి హద్దులూ కొలిచినవాడు సొంత గేటు తలుపు మర్చిపోయాడు. బండి గేట్లో ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. నేను స్తంభం పగలగొట్టాలా, కొత్త గేటు చేయించాలా అని లెక్కలు వేస్తుంటే, మీ అక్క సీట్లోంచే అంది, తలుపు ఊడదీసి పారేయమని, లోపల ఉన్నవి నిమ్మకాయలేనని. ఊడదీశాను.

అవును, సీట్లోంచే. నడిపింది తనే. ముందు పెరట్లో రెండు చుట్లు తిప్పి బట్టల తీగ తెంపింది, నా మంచి చొక్కా టైరు కిందికి వెళ్లింది. తర్వాత వాలు ఎక్కించింది. నేను పక్క సీట్లో కూర్చుని కడ్డీ పట్టుకుని కుడి, ఎడమ అని చెబుతూ ఉన్నాను. ఇంకొక్కసారి నోరు తెరిస్తే దింపేస్తానంది. మూసుకున్నాను. ఒరిగిన మలుపు దగ్గర బండి ఆపి, ఒక నిమిషం ఊపిరి తీసుకుని, చిన్న గేరులో వేసి దాటించింది.  అది దాటేదాకా నేను కడ్డీ వదల్లేదు.

పైన బండి దిగి కర్ర ఊతంతో వరుసల మధ్యకి వెళ్లింది. ఒక కొమ్మ వంచి మొగ్గని గోటితో నొక్కి, ఇంకో పది రోజులు అంది. అంతే. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఎందుకని అడిగితే ఈగ కుట్టిందన్నాను. పెట్టెలన్నీ కిందే ఉన్నాయి కదా అంది.

కాబట్టి డెయిరీ కోడలికి పెట్టెలు ఇవ్వడం లేదు. ఆ అమ్మాయే వచ్చి మీ అక్క దగ్గర పని నేర్చుకుంటానంది. వచ్చే ఆదివారం తెల్లవారగానే, ఈగలు బయటికి రాకముందే పెట్టెలు పైకి ఎక్కిస్తున్నాం. బండి ఎంపికలో నాకు ఏ అనుమానమూ లేదు. నీకు ఉంటే వచ్చి చూసుకో.

చెల్లెమ్మకి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ మాట వినని, వినకుండా మంచి పని చేసిన
నీ బావ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన నాకు తెలుసు అని రాశాను, ఎలా తెలుసో రాయలేదు.

నిరుడు నీకు చెప్పినట్టు మీ అక్క వంటింటి మెట్టు మీద జారి పడలేదు. నిరుడు పూతప్పుడు డెయిరీ ఆయన ఒంటి మనిషి బండి అడిగి తెచ్చాను. నడిచే వస్తానంది. రెండు నిమిషాల్లో పైన ఉంటాం, ఎక్కు అని నేనే వెనక ఎక్కించాను. ఇద్దరు కూర్చోకూడదని బొమ్మ వేసి మరీ ట్యాంకు మీద స్టిక్కరు ఉంది. చూశాను. ఆ మలుపు వాలు ఎంతో ఈ ఊళ్లో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు, కొలిచింది నేనే. బండి నెమ్మదిగానే ఒరిగింది. నేను అటు దూకాను. తను ఇటు, బండి కింద.

ఆస్పత్రికి పోతూ, అంత నొప్పిలోనూ, తమ్ముడికి మెట్టు మీద పడ్డానని చెప్పు, నిజం తెలిస్తే వాడు నీతో మాట్లాడడు అంది. చెప్పాను. నువ్వు నమ్మి, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, ఆ మెట్టు నీ చేత్తో పగలగొట్టి చదును చేసి సిమెంటు పూశావు. నేను పక్కన నిలబడి నీకు సిమెంటు కలిపి ఇచ్చాను.  ఏడాదిగా ఆ చోట కాలు పెట్టిన ప్రతిసారీ సిగ్గేస్తుంది.

నువ్వు రాసిన ఆ చివరి వాక్యం చూశాక దాచడం నావల్ల కాలేదు. ఇంకెవరికైనా నువ్వు ఆ సలహా ఇస్తే ఆ పాపం కూడా నాదే అవుతుంది. ఇది రాసినట్టు మీ అక్కకి తెలియదు. పోస్టు చేసి వచ్చి చెబుతాను.

తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టకు, ఆదివారం వచ్చి తిట్టు. బండి మీ అక్క నడుపుతుంది. పక్క సీట్లో నువ్వు కూర్చో. నేను నడిచి వస్తాను.