సాన పట్టని బిట్టు

4 అక్టోబర్ 1998, ఆదివారం. పలమనేరు

కంప్రెసర్ నడిపే ధనంజయ కోసమే నేను మా క్వారీకి పోతున్నానని అమ్మ తేల్చేసింది. తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదివిన పిల్లకు రాళ్ల మీద ఇష్టం ఉండకూడదా? దానికీ ఓ మగవాడు కావాలా? కర్చీఫ్‌లో రాతిపొడి మూటగట్టుకొస్తే, ఎవురిచ్చినారే అది అని అడిగింది.

ఆ పొడినే చూడమంటున్నాను. డ్రిల్ రాడ్డు కొసనుండే బిట్టు రాయిని కోయదు. కొడుతుంది, రవంత తిరుగుతుంది, మళ్లీ కొడుతుంది. దెబ్బ పడ్డచోట రాయి నలిగి, పక్కన పెచ్చు లేస్తుంది. పదునుంటే పొడి బరకగా రావాలి. మాది మైదాపిండిలా వస్తోంది. అంటే బిట్టు మొద్దుబారింది.

6 అక్టోబర్

నాయనకు చెప్పాను. దీపావళి దాకా సాన పట్టేది లేదంట! ఆయుధపూజలో కుంకుమ పెట్టిన ఇనుముకు అంతవరకూ సాన తగలకూడదని తాత తన నాగలికర్రుకు పెట్టుకున్న నియమం. కర్రు దున్నేది మట్టిని, ఇది గ్రానైట్ అన్నాను. నవ్వాడు. బిట్టుకేమ్మా, బాగుండాది, ఆ డ్రిల్లర్ మునెయ్యే బక్కోడు, కడుపుకు సంగటి తిని బరువేసి అదిమితే రాయి యాడికి పోతాది అన్నాడు.

7 అక్టోబర్

మునెయ్య రాయిని తొలిచే జాక్‌హ్యామర్ మీద బోర్లా పడి తోస్తున్నాడు. మొద్దు బిట్టును ఎంత అదిమితే అంత ఇరుక్కుంటుంది. సాన పట్టించమని నువ్వైనా అడుగు అన్నాను. నువ్వడిగినా ఇంట్లో అన్నం పెడతారు అమ్మణ్ణీ, నేనడిగితే ఇంటికి పొమ్మంటారు అన్నాడు.



9 అక్టోబర్, మధ్యాహ్నం మూడు

రాడ్డు ఇరుక్కుని విరిగింది. మునెయ్య కుడి మణికట్టు కూడా.

10 అక్టోబర్

మైన్స్ ఆఫీసుకు రిపోర్ట్ పంపాలి. ఇంట్లో ఇంగ్లీషు రాసేది నేనే. డ్రిల్లర్ అజాగ్రత్త అని రాయమన్నాడు నాయన. అట్లా రాస్తే మునెయ్యకు నష్టపరిహారం రాదు. అది నాయనకూ తెలుసు. బిట్టుకు సాన పట్టకపోవడం వల్ల అని రాసి, తెలుగులో చదివి వినిపించాను. చింపేశాడు. కన్నోణ్ణే కోర్టుకీడ్చే సదువా నీది అన్నాడు. అమ్మేమో, ధనంజయ నేర్పించినాడా అని.

ఇంకా ధనంజయే! నా బుర్రలోకి ఏ ఆలోచన వచ్చినా ఎవడో ఒకడు పెట్టిందే కావాలి వీళ్లకు.

12 అక్టోబర్, సోమవారం

మళ్లీ అట్లాగే, బిట్టు వల్లనే అని రాశాను. కింద నా పేరు, నా సంతకం. పోస్టాఫీసు తెరవగానే మైన్స్ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపాను. కార్బన్ కాపీ నాయన చేతికిచ్చాను.